వంగపండు రంగు దిమ్మలు

పోయిన వారం మనం మెట్ల మీద వదిలేసిన మనిషి ఈ వారం మేడ పైకి చేరాడు. చేరేసరికి ఆయన తలప్రాణం తోకకొచ్చింది. మూడంతస్తులు ఎక్కాక మేడ తలుపు వస్తుందనుకుంటే, దానికి ముందు ఇంకో మలుపు, ఆ మలుపులో ఇనుప ఊచలకు అల్లుకున్న కీరదోస తీగ. ఆ తీగను ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, తల వంచుకుని లోపలికి రావలసి వచ్చింది. ప్యాలెట్ల కంపెనీ సూపర్‌వైజరు, చేతిలో కొలతల టేపు, మెడలో ఫొటో ఉన్న కార్డు, కింద వీధిలో ఖాళీ లారీ. అంత హోదాతో వచ్చిన మనిషి మొదటి అడుగులోనే తల దించడం చూసి కోడలికి పిసరంత ధైర్యం వచ్చింది.

కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్లు కంగారు పడనక్కర్లేదు, జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. మన కోడలు టైల్స్ షాపులో బిల్లులు రాస్తుంది. టైల్స్ పెట్టెలు చెక్క చట్రాల మీద పేర్చి వస్తాయి. పైన పలకలు, కింద దిమ్మలు, మధ్యలో ఎత్తే బండి కొమ్ములు దూరడానికి సందులు. వాటినే ప్యాలెట్లంటారు. షాపు వెనక అవి గుట్టపడితే, కాళ్లకు అడ్డమొస్తున్నాయి పట్టుకుపొమ్మని యజమాని అన్నాడు. మేడ మీద నాలుగు టమాటా మొక్కలు వేసుకుందామని ఈమె ఒకటి తెచ్చుకుని, దాన్ని తొట్టెగా మార్చాలని మేకు కొట్టింది. మేకు వంకరపోయింది. ఇంకోటి కొట్టింది, అదీ వంకరే. ఆ చప్పుడు భరించలేక కింద గదిలో గోడవైపు తిరిగి పడుకున్న మామగారు లేచి పైకి వచ్చి, ఆమె చేతిలోంచి సుత్తి తీసుకున్నాడు.

అంతకుముందు ఆయన మంచం దిగడమే గగనంగా ఉండేది. మామగారు వడ్రంగి. ఆయన చేసిన బీరువా తలుపు వేస్తే గాలికి కూడా దారి దొరకదని చెప్పుకునేవాళ్లు. బజారులో అందరూ ఆయన్ని బిగింపు మేస్త్రి అనే పిలిచేవాళ్లు. విడి భాగాలుగా పెట్టెలో పెట్టి అమ్మే సామాన్లు వచ్చాక ఆ బిగింపుతో ఎవరికీ పని లేకపోయింది. దుకాణం మూసిన రోజు ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నానికి లేచేవాడు, మళ్లీ అటే తిరిగేవాడు. పిలిస్తే పలికేవాడు కానీ, మొహం మాత్రం ఇటు తిప్పేవాడు కాదు.

అలాంటి మనిషిని ఒక వంకర మేకు మేడ ఎక్కించింది. కోడలు ఇంకో ప్యాలెట్ తెచ్చింది, ఇంకోటి తెచ్చింది, షాపు వెనక గుట్ట కరిగిపోయేదాకా తెస్తూనే ఉంది. ఇప్పుడు మేడ నిండా మడులే. వంగ, టమాటా, బీన్స్, మెట్ల దాకా పాకిన కీరదోస. గోడవారగా నిచ్చెనలా నిలబెట్టిన ఎత్తయిన చట్రం, దాని ప్రతి అరలోనూ స్ట్రాబెర్రీలు. మామగారు పొద్దున్నే చెప్పులు తొడుక్కుని, పనికి వెళ్తున్నానని ఇంట్లో చెప్పి మరీ మెట్లెక్కుతున్నాడు. ఆ మాట విన్న ప్రతిసారీ కోడలికి కడుపు నిండిపోయేది.

అంతా బాగుందనుకుంటున్న సమయంలో నెత్తిన పిడుగు పడింది. తెచ్చినవాటిలో ఎనిమిదింటికి మూలల్లో వంగపండు రంగు పూసిన దిమ్మలున్నాయి. ఆ రంగు దిమ్మల ప్యాలెట్లను కంపెనీ ఎవరికీ అమ్మదట, అద్దెకు తిప్పుకుంటుందట, ఎక్కడ కనిపిస్తే అక్కణ్ణించి తీసుకుపోతుందట. ఎనిమిదీ అప్పజెప్పకపోతే తరవాతి లోడు ఆపేస్తామనేసరికి, పట్టుకుపొమ్మన్న యజమానే చల్లగా వీళ్లింటికి దారి చూపించాడు. పోయిన వారం కింద లారీ హారన్ మోగింది అందుకే.

సరే, ఇక మేడ మీదికి వద్దాం. సూపర్‌వైజరు ఆయాసం తీర్చుకుంటూ చుట్టూ కలియజూశాడు. ఆయన వెతుకుతున్నది ఎనిమిది ప్యాలెట్ల దొంతర. కంటికి కనిపిస్తున్నది తోట. కాసేపటికి ఆ పచ్చదనంలో అక్కడక్కడా వంగపండు రంగు తేలడం మొదలుపెట్టింది. కుళాయి కింద కాళ్లు కడుక్కునే చోట ఒక దిమ్మ, పాదు కట్టిన కర్ర ఊగకుండా ఒక దిమ్మ, తలుపు కొట్టుకోకుండా ఒక దిమ్మ. ఆయన ఒక్కొక్కదాన్నే వేలితో చూపిస్తూ, అది మాది, అదీ మాది అంటూ వచ్చి, ముక్కాలిపీట మీద కూర్చుని చిక్కుడు ఈనెలు తీస్తున్న అత్తగారి దగ్గర ఆగాడు.

"అమ్మా, మీరు కూర్చున్నది కూడా మాదే," అన్నాడు.

అత్తగారు వంగి తన పీట కాళ్లు చూసుకుంది. రంగు నిజమే. లేవడానికి మాత్రం ఆవిడకు అది కారణంగా తోచలేదు. ఇన్ని మెట్లెక్కి వచ్చావు, ముందు మంచినీళ్లు తాగు నాయనా అని చెంబు అందించి, వెనకాలే ఒక గిన్నెడు స్ట్రాబెర్రీలు చేతిలో పెట్టింది. డ్యూటీలో ఉండగా ఎవరింట్లోనూ ఏమీ తినకూడదని తమ రూలు అని ఆయన చెప్పాడు. తినమన్నదెవరు, ఊరికే పట్టుకో, కింద పెడితే చీమలు పడతాయి అంది ఆవిడ. ఆ మాటకు సమాధానం ఏ రూలులోనూ లేదు. ఆయన గిన్నె పట్టుకున్నాడు. మొదటి పండు నోట్లోకి ఎప్పుడు వెళ్లిందో ఆయనకే తెలియదు.

మామగారు అంతసేపూ వంగ మడి పక్కన ఉలి పట్టుకుని నిలబడి ఉన్నాడు. సూపర్‌వైజరు ఆయన దగ్గరికి వెళ్లి మర్యాదగానే చెప్పాడు. తమ ఎనిమిదీ తీసి ఇచ్చేస్తే చాలు, మొక్కలూ మట్టీ మీవి, మిగతా చెక్కలతో తమకు పేచీ లేదు. వినడానికి న్యాయంగానే ఉంది. కోడలు కూడా మనసులో అదే అనుకుంది, ఎనిమిది పోతే పోయాయి, మిగతావి మిగులుతాయి కదా అని.

"ఏ ఎనిమిది?" అన్నాడు మామగారు.

అక్కడొచ్చింది చిక్కు. మేకులు కొట్టి అతికిన చెక్కను చూస్తే మామగారికి అన్నం సహించదు. అందుకని ఆయన తెచ్చిన ప్రతి ప్యాలెట్‌నూ ముక్కముక్కలుగా విప్పేశాడు. మేకులన్నీ పీకి డబ్బాలో పోశాడు. పలకలన్నిటికీ చిత్రిక పట్టి అద్దంలా చేశాడు. ఏ గుట్టలోంచి వచ్చిందన్నది చూడకుండా, చారలు కలిసేవి ఒక చోట, ఒకే పొడుగువి ఒక చోట పేర్చాడు. తరవాత ఒక పలక చివర నాలుకలా చెక్కి, పక్క పలకలో గాడి తీసి, ఒకదాంట్లో ఒకటి దూర్చుకుంటూ మడులు కట్టాడు. ఏ మడిలో వెతికినా ఒక్క మేకు దొరకదు. వంగ మడికి రెండు పక్కలు కంపెనీవి, మూడోది ఎవరిదో, అడుగు ఇంకెవరిదో. టమాటా మడి సంగతి ఆయనకే గుర్తు లేదు.

సూపర్‌వైజరు ఇన్నేళ్ల ఉద్యోగంలో ప్యాలెట్లు పొయ్యిలో పెట్టినవాళ్లను చూశాడు, కోళ్లగూడు కట్టినవాళ్లను చూశాడు, మంచం చేసుకుని పడుకున్నవాణ్ణి లేపి మంచం లారీ ఎక్కించాడు. చిత్రిక పట్టి, చారలు కలిపి, మేకు లేకుండా అల్లినవాణ్ణి మాత్రం చూడలేదు. మామగారి మొహంలో తప్పు చేసిన ఛాయ ఎక్కడా లేకపోవడం ఆయనకు ఇంకా అయోమయంగా ఉంది. మెచ్చుకోవాలో కోప్పడాలో తేల్చుకోలేక, గిన్నె కోడలికిచ్చి, ఒక పలక పట్టుకుని లాగి చూశాడు.

పలక కదల్లేదు. రెండు చేతులతో లాగాడు. కాలు మడికి తన్నిపెట్టి లాగాడు. పలక అలాగే ఉంది గానీ, పైన టమాటా మొక్క ఒక ఊపు ఊగి, బాగా పండిన కాయ ఒకటి ఆయన బూటు మీద పడి చితికింది. మామగారి మీసం కింద చిన్న నవ్వు కదిలింది. ఒకటి ఊడాలంటే పక్కది వదలాలి, పక్కది వదలాలంటే దాని పక్కది వదలాలి, మొదట ఏది దూర్చానో నాకు తప్ప ఎవరికీ తెలియదు అన్నాడు. అంత గర్వం ఆ గొంతులో కోడలు ఎన్నడూ వినలేదు. విని సంతోషించింది, వెంటనే భయపడింది కూడా. ఎదటివాడు పరువుకు పోయేలా చేసే గర్వం అది.

భయపడినట్టే అయింది. సూపర్‌వైజరు బూటు తుడుచుకుని నిలబడేసరికి మొహం మారిపోయింది. కింద లారీలో కోత మిషను ఉందన్నాడు. డ్రైవరు పైకి తెస్తాడు, మట్టి ఒక వారన పోసి, చెక్కలు ఎక్కడికక్కడ కోసేసి, తమ వంతు తాము తీసుకుపోతామన్నాడు. ఆయన గట్టిగా అరవలేదు. నెమ్మదిగానే అన్నాడు, అందుకే అది నిజంగా జరిగేలా అనిపించింది. సరిగ్గా అప్పుడే కింద డ్రైవరు హారన్ కొట్టాడు.

మామగారు ఉలి తుడిచి సంచిలో పెట్టాడు. కొయ్యసుత్తి కూడా పెట్టాడు.

"తీసుకెళ్లనివ్వమ్మాయ్. వాళ్ల సొత్తు వాళ్లది," అన్నాడు.

అని, చేతులకంటిన మట్టి దులుపుకుని, చెప్పులు తొడుక్కుని మెట్లవైపు నడిచాడు. ఆ మెట్లు ఎక్కడికి దిగుతాయో కోడలికి తెలుసు. గదిలోకి, మంచం దగ్గరికి, ఆ గోడ దగ్గరికి. ఈసారి మేకు ఎంత వంకరగా కొట్టినా ఆయన లేవడు. టమాటాలు పోతే మళ్లీ వేసుకోవచ్చు, కానీ పొద్దున్నే పనికి వెళ్తున్నానని చెప్పే మనిషిని మళ్లీ ఎక్కణ్ణించి తెస్తుంది? అత్తగారు కూడా చిక్కుడు వదిలేసి భర్త వీపు వైపే చూస్తోంది. ఎప్పుడూ నోరు మూతపడని ఆవిడ ఒక్క మాటా అనలేదు.

కోడలు గిన్నె తీసుకెళ్లి మళ్లీ సూపర్‌వైజరు చేతిలో పెట్టింది. ఏం అడగబోతోందో ఆమెకే పూర్తిగా తెలియదు. నోరు తెరిచాక తెలిసింది.

"మీకు మీ చెక్కలు కావాలా, ప్యాలెట్లు కావాలా?"

రెండూ ఒకటే కదమ్మా అన్నాడాయన. కాదంది ఆమె. షాపులో రోజూ సరుకు దింపించుకునే మనిషి, ఎవరికి ఏది అప్పజెబితే సరిపోతుందో కాస్తో కూస్తో ఎరుగును. ఇవాళ వీటిని కోస్తే మీ లారీలో వెళ్లేవి కట్టెలు, కట్టెలు దింపి ఎనిమిది ప్యాలెట్లు వచ్చాయంటే మీ వాళ్లు ఒప్పుకుంటారా అని అడిగింది. సూపర్‌వైజరు నీళ్లు నమిలాడు, దాంతోపాటు ఇంకో స్ట్రాబెర్రీ కూడా. చివరికి ఉన్న మాట చెప్పాడు. కంపెనీకి కావలసింది కొలతకు సరిపడే, బరువు మోసే, మూలల్లో రంగు దిమ్మలున్న ఎనిమిది ప్యాలెట్లు. పైన పలక ఎవరిదని అడిగేవాళ్లు లేరు. విరిగినవాటికి రిపేరు షెడ్డులో ఏ చెక్క దొరికితే ఆ చెక్క వేసి కొడుతూనే ఉంటారు.

రంగు దిమ్మలా, అవి మడుల్లో లేనే లేవు. పీట కింద ఉన్నాయి, కుళాయి కింద ఉన్నాయి, తలుపు దగ్గర ఉన్నాయి. ఎప్పుడంటే అప్పుడు వస్తాయి.

"అయితే ఎనిమిదీ మా మామయ్య చేసిస్తారు," అంది కోడలు.

రెండో మెట్టు మీద చెప్పుల చప్పుడు ఆగింది. మామగారు వెనక్కి తిరిగి, తల ఒక్కటి పైకి పెట్టి చూశాడు.

"మేకులతోనా?"

"మేకులతోనే మామయ్యా."

"చిత్రిక?"

"పట్టకూడదు."

"సందులు?"

"ఉండాలట."

ఆయన్ని జీవితంలో ఎవరూ ఇంత మాట అనలేదు. కోడలి వైపు, సూపర్‌వైజరు వైపు, తను కట్టిన మడుల వైపు మార్చి మార్చి చూశాడు. తరవాత ఒక్కొక్క మెట్టే పైకి ఎక్కి వచ్చి, చెప్పులు విప్పి, సంచి మళ్లీ కింద పెట్టాడు. కోడలు అప్పుడు గానీ ఊపిరి తీసుకోలేదు.

సూపర్‌వైజరు షరతు పెట్టాడు. ముందు ఒకటి తన కళ్ల ముందు చెయ్యాలి, అది నిలబడితే మిగతావాటికి వారం గడువు ఇస్తాడు, నిలబడకపోతే కోత మిషను పైకి వస్తుంది. మూలన ఎక్కడా ఇమడక మిగిలిపోయిన పలకలున్నాయి. మామగారు వాటిని పరిచి, టేపుతో కొలిచి, గీత గీసి, అలవాటుగా చిత్రిక కోసం చెయ్యి చాపాడు. చిత్రిక అక్కడ లేదు. కోడలు దాన్ని కొంగు కింద దాచేసింది. ఆయన ఒక గరుకు అంచును బొటనవేలితో తడిమి, పళ్లు నూరుకుని, మేకుల డబ్బా మూత తీశాడు. ఇన్నాళ్లూ పీకి పోసిన మేకులను సుత్తితో సాపు చేసుకుంటూ మళ్లీ కొట్టడం ఆయనకు ఎంత కష్టంగా ఉందో, ప్రతి మేకుకూ ఒకసారి కళ్లు మూసుకుంటున్న తీరులోనే తెలుస్తోంది.

అయినా చెయ్యి ఊరుకోదు కదా. సందులు వదలమంటే వదిలాడు గానీ, అన్ని సందులూ ఒకే వెడల్పు. మేకుల తలలు తాడు కట్టి కొట్టినట్టు ఒకే వరస. అత్తగారికి నోరు తిరిగొచ్చింది. కాపురానికి వచ్చిన కొత్తలో నాకు పీట చేసిస్తానని ఈయన ఏడాది పొడుగునా చిత్రిక పట్టాడు నాయనా, ఇదేమిటి, నా చిక్కుడు సగం కాకుండానే అయిపోయింది, ఇలా కూడా చెయ్యవచ్చని తెలిస్తే ఇంటినిండా సామాను ఉండేది కదా అంది. మామగారు తల ఎత్తకుండానే, ముందు ఆ పీట మీంచి లే, దిమ్మలు కావాలి అన్నాడు. కంపెనీ మనిషి అడిగితే లేవని ఆవిడ అప్పుడు లేచింది.

దిమ్మలు మూలల్లో కూర్చున్నాయి. సూపర్‌వైజరు టేపు పెట్టి అటూ ఇటూ కొలిచాడు, సరిపోయింది. ఎక్కి నిలబడ్డాడు, ఎగిరి దూకాడు, ఏమీ కాలేదు. ఒక్కడి బరువు చాలదని మట్టి బస్తాలు ఎక్కించమన్నాడు. బస్తాలతోపాటు కోడలు ఎక్కింది. నేనెందుకు మిగలాలని అత్తగారూ ఎక్కి, పడిపోకుండా సూపర్‌వైజరు భుజం పట్టుకుంది. ముగ్గురూ ఆ ప్యాలెట్ మీద లోడులాగే నిలబడి ఉంటే మామగారు మోకాళ్ల మీద వంగి చెవి ఆనించి విన్నాడు. కిర్రుమని కూడా అనలేదు.

సూపర్‌వైజరు దిగి, ఆ ప్యాలెట్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసినంత పని చేశాడు. తమ షెడ్డులో వారానికి ఎన్నో విరిగి వస్తాయట, బాగుచేసే మనిషి ఈ మధ్యే మానేశాడట, కొత్తవాళ్లు కొట్టినవి లారీ ఎక్కేలోపే ఊడిపోతున్నాయట. ఇలాంటి చెయ్యి ఒకటి దొరికితే తన సగం తలనొప్పి తగ్గుతుందన్నాడు. ఎవరినీ అడగనట్టే అన్నాడు గానీ, చూపు మాత్రం మామగారి మీదే ఉంది. మామగారు మీసం ఒకసారి సర్దుకున్నాడు. ఆ సర్దుకోవడం కోడలికి వెయ్యి మాటల పెట్టు. ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. ఎవరూ చూడకుండా కీరదోస ఆకుల వెనక మొహం తుడుచుకుంది.

కోత మిషను అక్కర్లేదని సూపర్‌వైజరు పిట్టగోడ మీంచి డ్రైవరుకు కేకేసి చెప్పాడు. వారం గడువు ఖాయమైంది. రూలు సంగతి ఎవరికీ గుర్తు లేదు, గిన్నె దాదాపు ఖాళీ. అది చూసి, పొద్దున కోసి కడిగి పెట్టినవి కింద ఇంకా ఉన్నాయంటూ అత్తగారు మోకాళ్లు పట్టుకుని మెట్లు దిగింది.

వెళ్లబోతూ సూపర్‌వైజరు కాస్త సిగ్గుపడ్డాడు. తన ఇంటికి బాల్కనీ ఉందనీ, ఎండ బాగానే వస్తుందనీ, ఆ స్ట్రాబెర్రీ పిలక ఒకటి దొరుకుతుందా అనీ అడిగాడు. దానికేం భాగ్యం అంది కోడలు. నిచ్చెన చట్రం వెనక, గోడకూ చెక్కకూ మధ్య సందులో పిలకలు వాటంతట అవే వేళ్లూనుకుని ఉన్నాయి. ఆమె ఒక పక్క, మామగారు ఒక పక్క పట్టి చట్రాన్ని జానెడు ముందుకు జరిపారు. సూపర్‌వైజరు చివరి పండు నోట్లో వేసుకుని, పిలక అందుకోవడానికి లోపలికి వంగాడు.

వంగినవాడు లేవలేదు. తడిసిన చెక్కను బొటనవేలితో రుద్దాడు. ఇంకోసారి రుద్దాడు. లేచేసరికి మొహంలో నవ్వు లేదు.

"ఇది మాది కాదు. ఇదెక్కడిది?" అన్నాడు.

రంగులేని చట్రాలు కొన్ని ఉండేవి, అవీ అదే గుట్టలోవే అంది కోడలు. ఆయన వేలితో చూపించాడు. చెక్క వెనక వైపు కాల్చి వేసిన ముద్ర, అందులో విడివిడిగా రెండు ఇంగ్లీషు అక్షరాలు. దేశాలు దాటే ప్యాలెట్లకు పురుగు పట్టకుండా ఏదో ఒకటి చేస్తారని ఆయన చెప్పుకొచ్చాడు. హెచ్‌టీ అని ఉంటే వేడి గదిలో పెట్టినట్టు, దానితో భయం లేదు, తమవన్నీ ఆ రకమే. ఇది ఎంబీ. అంటే పురుగుల మందు పొగ పెట్టినట్టు. ఇప్పుడు చాలా చోట్ల మానేశారు గానీ, పాతవి ఇంకా తిరుగుతూనే ఉంటాయి.

"పొగే కదండీ, ఈపాటికి పోయి ఉండదా?" అంది కోడలు.

"ఏమోనమ్మా, నాకు తెలియదు. మా షెడ్డులో మాత్రం ఈ ముద్ర ఉన్నదాని పక్కన అన్నం క్యారియరు కూడా పెట్టనివ్వరు," అన్నాడాయన నోట్లో పండుతోనే. "ఇలాంటివి ఎన్ని వచ్చాయి? ఏ మడిలో ఉన్నాయి?"

కోడలు మామగారి వైపు చూసింది. మామగారు మడుల వైపు చూస్తున్నాడు. వంగ మడి, టమాటా మడి, బీన్స్ మడి, అన్నీ ఎండలో నున్నగా మెరుస్తున్నాయి. చెక్క మీద ఏ మచ్చ కనిపించినా మురికి కింద లెక్కగట్టి చిత్రికతో గీకి పారేసింది ఆయనే. ఈ ఒక్క పలక వెనకవైపు గోడకు ఆనుతుంది, ఎవరూ చూడరు కదా అని వదిలేశాడు కాబట్టి ముద్ర మిగిలింది. మిగతావి చారలు కలిసిన చోటల్లా కలిసిపోయాయి. ఇందాక కంపెనీ మనిషికి తెగని లెక్క ఇప్పుడు కట్టినవాడికే తెగడం లేదు.

ఆయన మెల్లగా వెళ్లి తను ఇందాక చేసిన ప్యాలెట్ మీద కూర్చున్నాడు. కూర్చుని, పిట్టగోడవైపు తిరిగాడు.

కోడలు అటు ఒక అడుగు వేసింది. మామయ్యా అని పిలవబోయేంతలో మెట్ల మీద అడుగుల చప్పుడు, వెనకాలే కీరదోస తీగను పక్కకు తోసుకుంటూ అత్తగారు. చేతిలో నిండు గిన్నె, పైన ఇంకా నీటి చుక్కలు మెరుస్తున్నాయి.

"మొహమాటపడకు నాయనా. ఇవి కూడా ఆ నిచ్చెనవే," అంది ఆవిడ.

సూపర్‌వైజరు నోట్లో ఉన్నది మింగాలో వద్దో తెలియక కోడలి వైపు చూశాడు.